పాత టోయింగ్ వాహనం కొనేముందు పరిశీలించవలసినవి

చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి బరంపురం మీదుగా సాగుతుంది. ఆస్కా మీదుగా వచ్చే 59వ నంబరు రహదారి కూడా ఈ నగరానికే చేరుతుంది. ఈ దారులలో చెడిపోయిన బండ్లను లాగి తెచ్చే టోయింగ్ వాహనాలకు పని దొరుకుతూనే ఉంటుంది. కొత్త వాహనం ఖరీదు భరించలేనివారు అప్పు చేసి పాతదానిని కొనడం సహజం. అయితే ఆ ఎంపికలో జరిగిన పొరపాటు కొన్నవారి పెట్టుబడితో ఆగదు. ఘాట్ మలుపులో తాడు తెగితే వెనుక వచ్చే బాటసారి ప్రాణానికే ముప్పు.

మొదట నిర్ణయించుకోవలసింది వాహనం రకం. కార్లు, ఆటోలు, ద్విచక్ర వాహనాలకు చదునైన బల్ల గల ఫ్లాట్‌బెడ్ అనుకూలం. బండి మొత్తం బల్లపైకి ఎక్కుతుంది గనుక దాని చక్రాలకు, గేరుపెట్టెకు హాని కలగదు. చక్రాల కింద చేయి చాపి ఎత్తే వీల్‌లిఫ్ట్ ఇరుకు వీధులలో సులభంగా తిరుగుతుంది. లారీలను లాగడానికి బరువైన చట్రం, బలమైన బూమ్ గల క్రేను అవసరం.

ఎత్తే శక్తి ఎంత అన్న ప్రశ్నకు బూమ్ మీది అంకె ఒక్కటే సమాధానం కాదు. వాహనం రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు, బరువును ఎత్తే చోటు వెనుక ఇరుసుకు 2 మీటర్ల వెనుక ఉన్నదనుకుందాం. అక్కడ 1,500 కిలోలు ఎత్తితే ముందు ఇరుసుపై 750 కిలోల భారం తగ్గి, వెనుక ఇరుసుపై 2,250 కిలోలు పెరుగుతుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు సడలుతుంది. తప్తపాణి ఘాట్ వంటి ఎక్కుడు దారిలో ఈ లోపం మరింత ప్రమాదకరం.

రెండవది పత్రాల పరిశీలన. చాసిస్, ఇంజను నంబర్లను రిజిస్ట్రేషన్ పత్రంతో అంకె అంకెకూ సరిచూడాలి. మామూలు లారీని తరువాత క్రేనుగా మార్చి ఉంటే, ఆ మార్పు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం పత్రంలో నమోదై ఉండాలి. చెడిన బండ్లను లాగడానికే వాడే వాహనానికి 66వ సెక్షను పర్మిట్టు నుంచి మినహాయింపు ఇస్తున్నది; ఫిట్‌నెస్, బీమాలకు ఆ మినహాయింపు లేదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పత్రం పొందాలి.

ఇచ్ఛాపురం, పలాస, విశాఖపట్నం వైపు నుంచి కొనేవారు ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రాన్ని, అంటే 28వ నంబరు ఫారాన్ని తప్పక తీసుకోవాలి. బ్యాంకు రుణం తీరినట్లు 35వ నంబరు ఫారం, యాజమాన్య బదిలీకి 29, 30వ నంబరు ఫారాలు అవసరం. కొన్నవారు 30 రోజులలోగా బదిలీని నమోదు చేయించుకోవాలి. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. కనుక బదిలీ అమ్మినవారికీ రక్షణే.

మూడవది వాహన దేహం. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినివేస్తుంది. 2013 అక్టోబరు 12న గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్ వంటి తుపానులలో నీట మునిగిన బండ్లు తరువాత కొత్త రంగుతో అమ్మకానికి రావచ్చు. సీట్ల కింద బురద చార, తీగల కొసలలో పచ్చని చిలుము, లోపలి బోల్టుల తుప్పు ఆ గుట్టు బయటపెడతాయి. క్రేను అమర్చిన చోట చట్రం మీద పగుళ్లు, అతుకు వెల్డింగు ఉన్నాయేమో కిందికి దూరి చూడాలి. చిన్న సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనక మందంగా మోగితే లోపల తుప్పు ఉన్నట్లు అనుమానించాలి.

ఇనుప తాడును డ్రమ్ము నుంచి పూర్తిగా విప్పించాలి. ఒక పేట తాడు చుట్టూ ఒకసారి తిరిగే నిడివిలో ఆరు తీగలు తెగినా, ఒకే పేటలో మూడు తెగినా తాడు మార్చవలసినదేనన్నది సాధారణ ప్రమాణం. నలిగిన, మెలిపడిన తాడు కూడా పనికిరాదు. కొక్కెం నోరు వెడల్పయినా, దాని నాలుక ఊడినా తిరస్కరించాలి.

చివరిది బరువుతో పరీక్ష. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి పొగ రంగు చూడాలి. తరువాత ఒక బండిని ఎత్తించి, ఇంజను ఆపి, బూమ్ ఎత్తును సుద్దతో గుర్తించి పదిహేను నిమిషాలు ఆగాలి. బూమ్ కిందికి జారితే హైడ్రాలిక్ సీళ్లో, కవాటమో అరిగినట్లే. నూనె పాలలా తెల్లబడితే అందులో నీరు చేరింది. బరువుతోనే కొంతదూరం నడిపించి బ్రేకులు, స్టీరింగు చూడాలి.

ఈ పరీక్షలకు ఒక పూట, నమ్మకమైన మెకానిక్కు కూలి చాలు. బరువు ఎత్తి చూపడానికి అమ్మేవారు వెనుకాడితే, ఆ బేరాన్ని వదులుకోవడమే లాభం.