ఊరు వదిలితేనే ఇంటిపేరు

గద్వాల రాజుల ఇంటిపేరు గద్వాల కాదు, ముష్టిపల్లి. వనపర్తి రాజులది వనపర్తి కాదు, జనుంపల్లి. కోటా సంస్థానమూ చేతిలో పెట్టుకుని, పేరు ముందు మాత్రం ఒక పల్లెను ఎందుకు మోశారు?

ఉదాహరణకు తాడూరు అనే ఊళ్లో ఉన్నవాళ్లందరూ తాడూరువాళ్లే. అక్కడ నిలబడి ‘తాడూరి రామయ్య ఎక్కడుంటాడు?’ అని అడిగితే నవ్వుతారు. ఆ రామయ్య మూటా ముల్లే సర్దుకుని మరో ఊళ్లో ఇల్లు కట్టుకున్నాకే ఆ మాటకు పని పడుతుంది. కొత్త ఊళ్లో అప్పటికే నలుగురు రామయ్యలుంటారు కదా! అక్కడ అతను ‘తాడూరి’ రామయ్య అవుతాడు. మనవళ్ల నాటికి అది ఇంటిపేరై కూర్చుంటుంది. అంటే ఇంటిపేరులో కనబడేది చాలాసార్లు మనం ఉన్న ఊరు కాదు, మన పెద్దలు వదిలివచ్చిన ఊరు. రాజులకైనా ఇదే లెక్క.

కవి పుట్టపర్తి నారాయణాచార్యుల సంగతి చూడండి. ఆ వంశం అసలు ఇంటిపేరు తిరుమల. పూర్వీకుడొకరు పుట్టపర్తిలో స్థిరపడడంతో ఊరి పేరు తగులుకుంది. ఆచార్యులవారు 1914లో పుట్టింది మాత్రం చియ్యేడులో. రచయిత సురవరం ప్రతాపరెడ్డి సొంతూరు అలంపురం దగ్గరి ఇటిక్యాలపాడు, 1952లో శాసనసభకు ఎన్నికైంది వనపర్తి నుంచి. ఇంటిపేరు చివర ఉన్నది మాత్రం ఊళ్ల పేర్లలో వినబడే ‘వరం’.

మరి ఊరి పేరు ఇంటిపేరుగా మారేదెలా? ఇక్కడే నాకు తెలుగు వ్యాకరణం మీద ముచ్చటేస్తుంది. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఊరు ‘ఊరి’ అవుతుంది, ఏరు ‘ఏటి’ అవుతుంది, నాడు ‘నాటి’ అవుతుంది. బడిలో ఔపవిభక్తికాలని బట్టీపట్టినవి ఇవే. ఇంటిపేర్లలో వీటి పని ‘యొక్క’ అని చెప్పడమే. తాడూరు తాడూరి అయినా, వంగూరు వంగూరి అయినా, ‘పాడు’తో ముగిసే ఊరు ‘పాటి’ అయినా జరిగేది ఒకటే: మనిషి ఫలానా ఊరి మనిషి అని ముడిపడుతుంది. పల్లి, కోట, పేట లాంటివి రూపం మారకుండానే ఆ పని చేస్తాయి. అందుకే జనుంపల్లి జనుంపల్లిగానే ఉండిపోయింది.

జర్మన్లు ఇదే పని మరోలా చేశారు. వాళ్ల భాషలో ‘హైమ్’ అంటే ఇల్లు. రైన్ నది ఒడ్డున ఓపెన్‌హైమ్ అనే పట్టణం ఉంది. దాని చివర ‘అర్’ చేరిస్తే ఆ ఊరివాడు, ఓపెన్‌హైమర్. అణుబాంబు శాస్త్రవేత్త ఇంటిపేరు అలా వచ్చిందే. మన ‘ఇ’, ‘టి’ చేసే పని అక్కడ ‘అర్’ చేస్తుందన్నమాట. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లోనూ ఆ ఇల్లే ఉంది. ఇంగ్లండులో అది ‘హామ్’ అయింది: బర్మింగ్‌హామ్ అంటే బెయోర్మ అనే మనిషి తాలూకు జనం నివాసం. వాళ్లు ఊరి పేరులో ఇంటిని పెట్టారు, మనం ఇంటి పేరులో ఊరిని పెట్టాం.

మన ఊళ్ల పేర్లలో ‘హైమ్’కి దగ్గరి చుట్టం ఎవరంటే, నా ఓటు ‘పల్లి’కి. బిజినేపల్లి, తెలకపల్లి, వడ్డేపల్లి... పాలమూరు వైపు ఈ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎటు తిరిగినా అదే. తమిళంలో ‘పళ్ళి’కి పడుకునే చోటు అనే అర్థమూ ఉంది, పళ్ళియఱై అంటే పడకగది. రాత్రి నడుం వాల్చే చోటే కదా మనిషికి ఇల్లు!

అయితే పేరు చివరిభాగం చూసి తొందరపడకూడదు. ఇంగ్లీషు ‘హామ్’లన్నీ ఇళ్లు కావు. కొన్ని నీళ్లు చుట్టిన నేలను చెప్పే ‘హమ్’ అనే పాత మాట నుంచి వచ్చాయి. మన దగ్గర నాగర్‌కర్నూల్‌ను కందనూలు అని కూడా అంటారు. బండి ఇరుసులకు పూసే కందెన ఇక్కడ దొరికేది కాబట్టి ఆ పేరని ఒక కథ. కథ మాటెలా ఉన్నా, చివరి ‘నూలు’ చేనేత నూలు కాదు. ఇలాంటి పేరే ఉన్న కర్నూలును చూడండి, దాని పాత పేరు కందనవోలు. అందులోని ‘ఓలు’ అంటే ‘ప్రోలు’, పట్టణం. అరగకుండా మిగిలిన ప్రోలును చూడాలంటే కొల్లాపూర్ వైపు జటప్రోలు ఉంది. ఇక ఇంటిపేర్లన్నీ ఊళ్లవే అనీ అనుకోవద్దు. జటప్రోలు ప్రభువులది సురభి, అలంపురం పండితుడు రామకృష్ణ శర్మది గడియారం.

ఈ పద్ధతి పాతబడిందా? లేదు. ఆనకట్టలు కట్టడానికి, రోడ్లు వేయడానికి దేశమంతా తిరిగిన ఇక్కడి కూలీలను ‘పాలమూరు లేబర్’ అన్నారు. పాలమూరులో ఉన్నంతకాలం వాళ్లను అలా ఎవరూ పిలవలేదు. ఊళ్లోకి కోడలు వస్తే, అసలు పేరు పక్కకుపోయి, ఆమె పుట్టినూరే పిలుపవుతుంది: పెబ్బేరామె, కోడేరామె. ముప్ఫై ఏళ్లు కాపురం చేసినా అదే పిలుపు. అయితే ఆ ఊరు ఆమె పిల్లల ఇంటిపేరులోకి మాత్రం రాదు.