రాపిడి, అరుగు, తరుగు: ఆంగ్ల ఘర్షణార్థక పదాలకు తెలుగు సమానార్థకాలు – నరసన్నపేట ప్రాంత వృత్తిపదాల వెలుగులో

వ్యాస సంగ్రహం: ఆంగ్లంలో ఫ్రిక్షన్, అబ్రేషన్, అట్రిషన్, వేర్ అనే పదాలు నాలుగు వేర్వేరు భావాలను తెలుపుతాయి. తెలుగు బోధనలో వీటికి బదులుగా తరచు ‘ఘర్షణ’, ‘రాపిడి’ అనే మాటలే వినిపిస్తాయి. నరసన్నపేట పరిసరాల వృత్తుల్లో వాడుకలో ఉన్న క్రియలు ఈ భేదాలను ఎంత స్పష్టంగా పట్టి ఇస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఘర్షణ, ఒరపు, అరుగుదల, తరుగు, పారిభాషిక పదకల్పన.

1. ఉపోద్ఘాతం

భౌతికశాస్త్రంలో ఘర్షణ ఒక బలం. తాకుతున్న రెండు తలాల సాపేక్ష చలనాన్ని అది నిరోధిస్తుంది. అరుగుదల ఒక ఫలితం. తలం నుంచి పదార్థం క్రమంగా తొలగిపోవడం. ఘర్షణ ఎక్కువైన ప్రతిచోటా అరుగుదల అదే నిష్పత్తిలో ఎక్కువ కావాలన్న నియమం లేదు. రెండింటికీ ఒకే మాట వాడితే విద్యార్థి కారణాన్నీ ఫలితాన్నీ కలిపివేస్తాడు. పైగా ‘ఘర్షణ’కు కలహమనే వ్యావహారికార్థం కూడా ఉంది.

2. ఆంగ్ల పదాల మూలాలు

ఫ్రిక్షన్‌కు మూలం రుద్దుట అనే అర్థంగల లాటిన్ ‘ఫ్రికారే’. అబ్రేషన్ ‘రాదేరే’ (గీకుట) నుంచి, ఎరోజన్, కరోజన్ ‘రోదేరే’ (కొరుకుట) నుంచి వచ్చాయి. అట్రిషన్‌కు మూలమైన ‘తెరేరే’ (నూరుట, అరగదీయుట) నుంచే రాళ్ల శిథిలాన్ని తెలిపే డెట్రిటస్, వాడివాడి పసతగ్గిన మాటను తెలిపే ట్రైట్ కూడా పుట్టాయి. వేర్ మాత్రం జర్మానిక్ పదం. దాని తొలి అర్థం బట్ట ధరించుట. కట్టిన బట్ట వాడకంలో నలిగి చివుకుతుంది కనుక, ధరించుట అనే అర్థం నుంచి అరుగుట అనే అర్థం ఏర్పడింది. గ్రీకులో రుద్దుటను తెలిపే ధాతువు నుంచి కల్పించిన ట్రైబాలజీ అనే శాస్త్రనామం 1966లో బ్రిటన్‌లో వెలువడిన జోస్ట్ నివేదికతో ప్రచారంలోకి వచ్చింది.

3. స్వర్ణకారుల పదజాలం

నగల అంగడిలో మూడు మాటలు మూడు విషయాలను వేరుచేస్తాయి. పసిడిని రాతిపై గీసి వన్నె చూడడం ఒరపు. ఆ రాయి ఒరగల్లు. తమిళంలో ఉరైకల్, కన్నడంలో ఒరెగల్లు దీని సోదర పదాలు. ఆంగ్లంలోని టచ్‌స్టోన్ తాకుటను మాత్రమే పేర్కొంటుంది. ద్రావిడ పదం రాపిడినే పేరుగా చేసుకొంది. వాడకంలో నగ కోల్పోయేది అరుగుదల. తయారీలో పోయే లోహం ప్రధానంగా తరుగు. గణకశాస్త్రం ‘తరుగుదల’ను ఆస్తి విలువ తగ్గడానికి స్వీకరించింది. అంటే ఒరపు చర్య, అరుగుదల వాడకపు ఫలితం, తరుగు లెక్కకట్టిన నష్టం.

‘అరుగు’కు జీర్ణమగుట అనే అర్థమూ ఉంది. సంస్కృత ‘జీర్ణ’ శబ్దం కూడా పాతబడి శిథిలమైనదానినీ, కడుపులో అరిగినదానినీ తెలుపుతుంది. రెండు వేర్వేరు భాషాకుటుంబాలలో కనిపించే ఈ సామ్యం గమనార్హం.

4. బుడితి, పొందూరు, వంశధార

కంచు, ఇత్తడి పనికి పేరుపడిన బుడితిలో పాత్ర కరుకుదనాన్ని ఆకురాతితో రాచి పోగొడతారు. ఆపై మెరుగు పెడతారు. ఇంట్లో అదే పాత్రను తోముతారు. రాచుటలో లోహం తొలగడం ఉద్దేశితం. తోముటలో మాలిన్యం తొలగడం ఉద్దేశితం. పొందూరు ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఇక్కడా రాపిడి ఉంది, కాని పోగు అరగడం లక్ష్యం కాదు. శుభ్రపడి, పోగులు సమంగా సాగడం లక్ష్యం. గంధం చెక్కను సానపై అరగదీసినప్పుడు తెలుగువారు ‘గంధం తీయడం’ అంటారు. చెక్కకు కలిగిన నష్టం కంటే చేతికందిన ఫలమే పేరుకు ఆధారమైంది.

కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే వంశధారను ఉదాహరణగా తీసుకొంటే భూగోళశాస్త్ర భేదమూ తెలుస్తుంది. ప్రవాహం మోసుకొచ్చే రాళ్లు నదీగర్భాన్ని రాయడం అబ్రేషన్. ఆ రాళ్లే ఒకదానినొకటి ఒరుసుకొని గులకరాళ్లుగా నునుపెక్కడం అట్రిషన్. తెలుగులో రాచు, ఒరుసుకొను అనే రెండు క్రియలు ఈ తేడాను ముందే చెబుతున్నాయి. ‘కొను’ అనే సహాయక క్రియ పరస్పరతను సూచిస్తుంది. ఆంగ్ల క్రియ వేర్ అరుగుటకూ అరగదీయుటకూ ఒక్కటే. తెలుగు ఆ రెండింటినీ రూపంలోనే వేరుచేస్తుంది.

5. సూచనలు

ఫ్రిక్షన్‌కు స్థిరపడిన ‘ఘర్షణ’ను బలవాచకంగానే ఉంచాలి. వేర్‌కు ‘అరుగుదల’, అబ్రేషన్‌కు ‘రాపిడికోత’, అట్రిషన్‌కు ‘అన్యోన్య రాపిడి’, ఎరోజన్‌కు వాడుకలో ఉన్న ‘కోత’ లేదా ‘క్రమక్షయం’ తగినవి. కరోజన్ ప్రధానంగా రసాయనిక చర్య కనుక దానిని ‘లోహక్షయం’ అనడం ఉచితం. రాపిడి పదాలతో కలపరాదు.

ముగింపు

శ్రీముఖలింగ క్షేత్ర సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి, జనవ్యవహారంలోని భాష విద్యకు తగినదని వాదించారు. పారిభాషిక పదకల్పనకూ ఆ వాదం వర్తిస్తుంది. కంసాలి, కంచరి, నేతగత్తె నోట ఉన్న క్రియలను సేకరించి అర్థభేదాలతో నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం. ఆ వృత్తులు తరిగిపోతే వాటితోపాటే ఈ సూక్ష్మభేదాలూ అరిగిపోతాయి.