ప్రజాసేవకు తొలి పాఠశాల: ప్రభుత్వ కార్యాలయంలో ఇంటర్న్‌షిప్

వితంతు పింఛను కోసం తిరిగే తల్లి, రేషన్ కార్డులో పేరు సరిచేయించుకోలేక విసిగిపోయిన తండ్రి, బీసీ-ఈ ధ్రువపత్రం కోసం దళారికి డబ్బు చెల్లించే యువకుడు - వీరు మన ఇళ్ళలోని వారే. వీరందరూ కౌంటరుకు ఈవలి వైపున నిలబడి ఉన్నారు. ఆవలి వైపున కూర్చున్నవారిలో మనవారు ఎందరు? జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఐఏఎస్ అధికారులలో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం. 2001 జనాభా లెక్కలలో దేశ జనాభాలో ముస్లింల వాటా 13.4 శాతం.

పేదరికం, మధ్యలో ఆగిన చదువులు, వివక్ష - ఇందుకు కారణాలు అనేకం. వాటన్నిటినీ ఒక విద్యార్థి ఒంటరిగా తొలగించలేడు. అయితే ఒక కారణాన్ని తొలగించుకోవడం మన చేతిలోనే ఉంది. ప్రభుత్వ కార్యాలయం లోపల పని ఎలా సాగుతుందో మన పిల్లలలో అత్యధికులు చూసి ఎరుగరు. కాలేజీలో చదువుతూనే కొన్ని వారాలో, నెలలో ఒక ప్రభుత్వ సంస్థలో పని నేర్చుకోవడమే ఇంటర్న్‌షిప్. అది ఉద్యోగం కాకపోవచ్చు. కానీ ఒక ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ కాగితం లేనందున ఒక పేదరాలి దరఖాస్తు తిరిగి వస్తుందో తెలిసిన బిడ్డ ఒక ఇంటికే గాక వీధి మొత్తానికి ఆసరా అవుతాడు.

ఈ మార్గం మన ధార్మిక చరిత్రకు కొత్తది కాదు. కరువు రానున్నదని గ్రహించిన హజ్రత్ యూసుఫ్ (అలై), తాను నమ్మకంగా కాపాడగలననీ, ఆ పని తనకు తెలుసుననీ చెప్పి ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యతను కోరారు. నిజాయితీ, పనిలో ప్రావీణ్యం - ఈ రెండింటినీ ఆయన ఒకేచోట ప్రస్తావించడం గమనార్హం. దైవప్రవక్త (స) యువకుడైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (ర)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించగా, ఆయన కొద్దిరోజులలోనే దానిని నేర్చుకుని, ప్రవక్త (స) తరఫున ఉత్తరాలు వ్రాసే, చదివే బాధ్యతను నిర్వర్తించారు. ప్రజల పనికి యువకుడిని సిద్ధం చేయడం సున్నత్ చూపిన బాటయే.

ఇక అవకాశాలు ఎక్కడ ఉన్నాయి? మనవారు ముందుగా ఢిల్లీ వైపు చూస్తారు. దగ్గరివాటి నుండి మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించినప్పుడు ఇంటర్న్‌షిప్‌ను చదువులో భాగం చేశారు. మొదటి సంవత్సరం తర్వాత వచ్చే సామాజిక సేవా ప్రాజెక్టులో విద్యార్థి ఒక గ్రామాన్ని గానీ వార్డును గానీ ఎంచుకుని, ఇంటింటి పరిస్థితిని తెలుసుకుని నివేదిక వ్రాయాలి. మన బస్తీలో బడి మానేసిన పిల్లలు ఎందరో, పింఛనుకు అర్హులై కూడా పొందనివారు ఎందరో లెక్క తేల్చడానికి ఇంతకంటె మంచి సందర్భం ఏముంటుంది? రెండు రాష్ట్రాల కాలేజీలలోనూ 1969 నుండి దేశమంతటా నడుస్తున్న జాతీయ సేవా పథకం, అనగా ఎన్ఎస్ఎస్, ఉన్నది. అందులో రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి.

ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 2009లో మొదలైన పారా లీగల్ వాలంటీర్ల పథకం కింద న్యాయశాస్త్ర విద్యార్థులు కూడా ఇక్కడ సేవ చేయవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. ఈ సంగతి తెలియక ఎందరు సోదరీమణులు నగలు తాకట్టు పెడుతున్నారో ఆలోచించండి.

కేంద్ర స్థాయిలో నీతి ఆయోగ్ ప్రతి నెల 1 నుండి 10వ తేదీ వరకు దరఖాస్తులు స్వీకరించే పద్ధతిని పెట్టింది. వ్యవధి 6 వారాల నుండి 6 నెలలు. డిగ్రీ రెండవ సంవత్సరం పరీక్షలు వ్రాసి, 12వ తరగతిలో 85 శాతం మార్కులు పొందినవారు అర్హులు. భృతి ఉండదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసవిలో, చలికాలంలో ఇంటర్న్‌షిప్‌లు నిర్వహిస్తుంది. ఇంటి నుండే చేయగల స్వల్పకాలిక ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లను కూడా ఇస్తున్నది.

2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం గురించి ఒక స్పష్టత అవసరం. అది పెద్ద కంపెనీలలో శిక్షణకు సంబంధించినది, ప్రభుత్వ కార్యాలయాలలో పనికి సంబంధించినది కాదు. ప్రారంభ నియమాల ప్రకారం రెగ్యులర్ కాలేజీలో పూర్తికాలం చదువుతున్నవారు దానికి అర్హులు కారు. దూరవిద్యలో ఉన్నవారు అర్హులే. దరఖాస్తుకు ముందు ప్రతి పథకం నియమాలను అధికారిక వెబ్‌సైట్‌లో స్వయంగా చదవడం అలవరచుకోవాలి.

ప్రకటన లేని స్థానిక కార్యాలయంలోనూ అధికారిని అడగవచ్చు. ఒకే పుటలో దరఖాస్తు వ్రాయండి: మీరెవరు, ఏమి చదువుతున్నారు, ఏ విభాగంలో, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏ పని నేర్చుకోదలచారు. కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్టు, ప్రిన్సిపాల్ లేఖ జతపరచండి. సెలవులకు రెండు మూడు నెలల ముందే ఇచ్చి, నకలుపై తేదీతో ముద్ర వేయించుకోండి. ఒకచోట కాదంటే మరొకచోట అడగండి. సిఫారసు ఉంటేనే పని జరుగుతుందని పిల్లలకు నూరిపోయకండి. ప్రభుత్వ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల సంకోచం మాకు తెలుసు. దగ్గరి కార్యాలయాన్ని, స్త్రీ అధికారి ఉన్న విభాగాన్ని, ఆన్‌లైన్ అవకాశాన్ని ఎంచుకోవచ్చు. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం శిక్షణలో ఉన్నవారికి కూడా వర్తిస్తుంది. ఆ సంగతిని బిడ్డకు ముందే చెప్పి పంపండి. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా (ర)కు వ్రాత నేర్పినది షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (ర) అనే సహాబియ. విద్యావంతురాలైన స్త్రీ సమాజానికి ఎంత అవసరమో ఆ ఒక్క ఉదంతమే చెబుతుంది. జుహర్, జుమా నమాజుల వేళ గురించి మొదటి రోజే అధికారితో మర్యాదగా మాట్లాడుకుంటే ఇబ్బంది రాదు.

భృతి లేని శిక్షణ పేదింటి బిడ్డకు భారమే. నగరంలో రెండు నెలల గది అద్దె, భోజన ఖర్చు భరించలేక ఆగిపోయే విద్యార్థి మన మహల్లాలో ఉంటే, మస్జిద్ కమిటీ, బైతుల్‌మాల్ నిర్వాహకులు అతడిని గుర్తించాలి. జకాత్‌కు అర్హుడైన విద్యార్థికి ఆ సహాయం చేరితే అది సద్వినియోగమే అవుతుంది.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. కార్యాలయానికి వెళ్ళకుండానే హాజరు వేయించుకోవడం, దుకాణంలో కొన్న నివేదికను తన పేరుతో సమర్పించడం కొందరు విద్యార్థులకు తేలిక విషయమైపోయింది. అది అబద్ధపు సాక్ష్యం. తల్లిదండ్రులు అందుకు డబ్బివ్వడం ఆ పాపంలో పాలుపంచుకోవడమే. ప్రజాసేవలో తొలి అడుగునే అబద్ధంతో వేసినవాడు రేపు అధికారియై ఎవరికి న్యాయం చేయగలడు?

జకాత్ వసూలుకు పంపబడిన ఒక వ్యక్తి తిరిగి వచ్చి, కొంత సొమ్మును తనకు కానుకగా ఇచ్చారని పక్కన పెట్టుకున్నప్పుడు దైవప్రవక్త (స) మింబర్‌పై నిలబడి దానిని తీవ్రంగా ఖండించారు. అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. ఇంటర్న్‌గా కూర్చున్న బిడ్డ కూడా ఆ ప్రశ్నను గుర్తుంచుకోవాలి. పని త్వరగా చేయించమని ఎవరైనా చేతిలో పెట్టే వంద రూపాయలనైనా తిరిగి ఇచ్చివేయాలి. ఫైలులో చూసిన ఇతరుల కుటుంబ విషయాలు బయట చెప్పకూడదు. అవి అమానత్.

రానున్న సెలవులకు ముందే మీ ఇంటి విద్యార్థితో కూర్చోండి. దగ్గరలోని ఒక కార్యాలయాన్ని ఎంచుకుని, దరఖాస్తు అతడి చేతనే వ్రాయించండి. అల్లాహ్ మన సంతానాన్ని ప్రజల హక్కులను కాపాడే నమ్మకస్తులుగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.