మూడు వందల ఏళ్ల సమస్య, నిన్నటి యంత్రం

1713లో జపాన్‌లో ఇనోఉవె దోసెత్సు ఇన్‌సెకి అనే ఆచార్యుడు గో ఆటకు ఒక సమస్యల పుస్తకం కూర్చాడు. దాని పేరు ‘ఇగో హత్సుయోరోన్’. సైనిక పాలకులైన షోగునుల ప్రాపకంలో ఆనాడు నాలుగు వంశాలు గో విద్యను నిలబెడుతుండేవి. ఇనోఉవె వంశం వాటిలో ఒకటి, దోసెత్సు దానికి అధిపతి. తన శిష్యుల్లో మెరికలను సానపట్టడానికి ఆయన నూట ఎనభైకి పైగా సమస్యలు ఇందులో చేర్చాడు. బయటివాళ్ల కంట పడకుండా ఆ వంశం పుస్తకాన్ని చాలాకాలం దాచుకుంది.

అందులో 120వ సమస్య మిగతావాటిలా పలక మూలలో ఒదిగి ఉండదు. పలకంతా పరుచుకుంటుంది. నల్లరాళ్లవాడు ముందు ఆడి గెలవాలి. అంతే ప్రశ్న. జవాబు మాత్రం వందకు పైగా ఎత్తులు సాగుతుంది. చివరికి తేలే తేడా చాలా చిన్నది. 1977 నుంచి వరసగా ఆరేళ్లు కిసెయ్ బిరుదు గెలిచిన ఫుజిసావా హిదెయుకి 1982లో ఈ పుస్తకాన్ని వ్యాఖ్యానంతో వెలువరించాడు. అప్పటికీ ఆ సమస్య పూర్తిగా లొంగలేదు. తర్వాత జపాన్ వృత్తి ఆటగాళ్లు, యూరప్‌లోని కొందరు ఔత్సాహికులు ఏళ్ల తరబడి దాంతో కుస్తీ పట్టారు. 2019లో ఒక యంత్రం ఆ పలక ముందు కూర్చుంది. దాని పేరు కాటాగో.

ఈ సంగతి అమెరికాలో సియాటిల్ దగ్గరి బాతెల్‌లో ఉండే తెలుగువాళ్లకు దూరపు ముచ్చటేమీ కాదు. పక్కనే రెడ్మండ్‌లో మైక్రోసాఫ్ట్ ఉంది. ఈ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామందికి కంప్యూటర్ల పనే జీవనాధారం. కృత్రిమ మేధ ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్న మాట ఇళ్లలో భోజనాల దగ్గర కూడా నడుస్తుంది. ఇక గో సంప్రదాయం విషయానికొస్తే, బాతెల్ నుంచి కారులో అరగంట దూరంలోని సియాటిల్‌లో 1995లోనే గో కేంద్రం వెలిసింది. ఇవామొతో కవొరు అనే జపాన్ వృత్తి ఆటగాడు ఇచ్చిన విరాళమే దానికి పునాది. 1945 ఆగస్టు 6న హిరోషిమా శివార్లలో హొనిన్‌బో బిరుదు కోసం హషిమొతో ఉతారోతో ఆడుతున్నది ఈయనే. బాంబు పేలుడు ధాటికి రాళ్లు చెల్లాచెదురైతే, మళ్లీ పేర్చుకుని ఆట ముగించారు. ఆ తర్వాత ఇవామొతో ఈ ఆటను దేశదేశాలకు చేర్చడమే పనిగా పెట్టుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్, న్యూయార్క్, సావో పాలోలలో కేంద్రాలకూ ఆయన సాయమే మూలం.

గో నియమాలు పది నిమిషాల్లో చెప్పొచ్చు. నిలువుగా 19, అడ్డంగా 19 గీతలున్న పలక. గీతలు కలిసే చోట్లు 361. నలుపు, తెలుపు రాళ్లను ఒకరి తర్వాత ఒకరు ఆ చోట్ల పెడతారు. పెట్టిన రాయి కదలదు. దాన్ని ఆనుకుని ఉన్న ఖాళీలే దానికి ఊపిరి. ఊపిరి పూర్తిగా మూసుకుపోతే రాయి పలక దిగాల్సిందే. కలిసి ఉన్న రాళ్ల గుంపు లోపల విడివిడిగా రెండు ఖాళీలు, అంటే రెండు ‘కళ్లు’ ఉంటే ఆ గుంపును ఎవరూ చంపలేరు. చివరికి ఎక్కువ చోటు ఎవరి వశమైతే వాళ్లది గెలుపు. ఇంత చిన్న నియమావళిలోంచి పుట్టగల పలక స్థితుల సంఖ్యను జాన్ ట్రోంప్ 2016లో కచ్చితంగా లెక్కగట్టాడు. అది 171 అంకెల సంఖ్య.

ఒక గుంపు బతుకుతుందా, చస్తుందా అని తేల్చే చిక్కు ప్రశ్నలకు జపనీయులు ‘త్సుమెగో’ అని పేరు పెట్టారు. చైనాలో 1349 నాటి ‘షువాన్‌షువాన్ చీజింగ్’, జపాన్‌లో 1812 నాటి ‘గోక్యో షుమ్యో’, 1910 నాటి ‘షికత్సు మ్యోకి’ వీటికి పేరుమోసిన సంకలనాలు. మన అవధానంలో పృచ్ఛకుడు ఇచ్చే సమస్యకూ వీటికీ దగ్గరి పోలిక ఉంది. సమస్య ఇచ్చినవాడి మనసులో ఒక పూరణ ఉంటుంది. పైకి అసాధ్యంగా కనిపించే చోట ఒక కిటుకు దాక్కుని ఉంటుంది. ఒక్కోసారి పూరించేవాడు పృచ్ఛకుడే ఊహించని దారి తీస్తాడు. పాత గో సమస్యల విషయంలో యంత్రం చేస్తున్నది సరిగ్గా ఇదే. కర్త చూడని రెండో జవాబును చూపించడం, కర్త జవాబులో ఎదుటివాడికి మిగిలిన సందును బయటపెట్టడం.

అయితే ఆ పని దానికి పుట్టుకతో రాలేదు.

యంత్ర వంశావళి 2016 మార్చి నుంచి లోకానికి బాగా తెలుసు. సియోల్‌లో డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాగో అనే ప్రోగ్రాము, మేటి ఆటగాడు లీ సెడోల్‌ను 4–1 తేడాతో ఓడించింది. దాని లోపల రెండు పనులు జరుగుతాయి. పలకను చూసి ఏ ఎత్తులు ఆలోచించదగ్గవో పసిగట్టడం ఒకటి. ఆ స్థితిలో ఎవరిది పైచేయో అంచనా వేయడం రెండోది. ఈ రెండింటినీ చేసేవి నాడీ జాలాలు (న్యూరల్ నెట్‌వర్కులు). వాటి సలహా పట్టుకుని ముందు ఎత్తులను కొమ్మలు కొమ్మలుగా వెతుకుతుంది శోధన భాగం. 2017లో వచ్చిన ఆల్ఫాగో జీరో మనుషుల ఆటలేవీ చూడలేదు. తనతో తానే మూడు రోజుల్లో 49 లక్షల ఆటలు ఆడుకుని, లీ సెడోల్‌ను గెలిచిన రూపాన్ని 100–0తో ఓడించింది.

ఆ విద్యను మామూలు మనుషుల అందుబాటులోకి తెచ్చినవాటిలో కాటాగోది పెద్ద పీట. అప్పట్లో న్యూయార్క్‌లోని జేన్ స్ట్రీట్ సంస్థలో పనిచేస్తుండిన డేవిడ్ వూ దీని సృష్టికర్త. 2019 ఫిబ్రవరిలో ఆయన పరిశోధన పత్రం వెలువడింది. 30 లోపు గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో 19 రోజుల్లోనే, అప్పటికి పేరున్న ఈఎల్‌ఎఫ్ ఓపెన్‌గో అనే ప్రోగ్రామును కాటాగో దాటిపోయింది. దానికైన గణన ఖర్చు సుమారు 50వ వంతు. కారణం అది నేర్చుకున్న పద్ధతిలో ఉంది. ఆల్ఫాగో జీరో ప్రతి ఆట నుంచి గెలుపా, ఓటమా అన్న ఒక్క కబురునే ప్రధానంగా తీసుకునేది. కాటాగో మాత్రం ఎన్ని పాయింట్ల తేడా, పలక మీది ప్రతి చోటూ చివరికి ఎవరి సొంతమైంది అని కూడా నేర్చుకుంది. ఓడినవాడికి ఎక్కడ ఓడాడో చెప్పే గురువు దొరికినట్టయింది. వూ దీన్ని అందరికీ ఉచితంగా, మూలకోడ్‌తో సహా ఇచ్చేశాడు. తర్వాత ప్రపంచం నలుమూలల ఔత్సాహికులు తమ కంప్యూటర్ల సమయాన్ని దాని శిక్షణకు ధారపోశారు.

ఇంత బలమైన యంత్రానికి పాత త్సుమెగో ఇస్తే మొదట తడబడింది. ఆ తడబాటులోనే దాని స్వభావమంతా తెలుస్తుంది.

మొదటి చిక్కు దాని లక్ష్యం. యంత్రానికి కావలసింది పలక మొత్తం మీద గెలుపు. మూలలో సమస్య పెట్టి మిగతా పలక ఖాళీగా వదిలితే, అది మూలను వదిలేసి విశాలమైన చోట ఆడుకుంటుంది. ఎలాగూ గెలుస్తున్నాననుకుంటే ఆ గుంపు బతుకును అంతగా పట్టించుకోకపోవచ్చు. అందుకే అభ్యాసకులు ఒక ఉపాయం పన్నారు. సమస్య చుట్టూ మిగతా పలకను రాళ్లతో నింపి, ఆ గుంపు బతుకు మీదే గెలుపు ఆధారపడేలా స్థితిని కట్టుదిట్టం చేస్తారు. అప్పుడు యంత్రం దృష్టి పక్కకు పోదు. ప్రశ్నను యంత్రానికి అర్థమయ్యే రూపంలో పెట్టడమే సగం పని.

రెండో చిక్కు దాని అలవాటు. లక్షల ఆటల్లో తరచు కనబడే ఎత్తులే దానికి వెంటనే తోస్తాయి. సమస్యలు కూర్చే ఆచార్యులు వెతికేదేమో సరిగ్గా దానికి విరుద్ధమైనది. రాళ్లను కావాలని బలి ఇచ్చి, అవి పలక దిగాక ఖాళీ అయిన చోట తిరిగి కొట్టడం, తన ఊపిరి తానే తగ్గించుకోవడం వంటివి. మామూలు ఆటలో ఇవి చాలాసార్లు తప్పే. అందుకని నాడీ జాలం వాటికి అతి తక్కువ విలువ కడుతుంది, శోధన ఆ కొమ్మ వైపు వెళ్లడానికే ఆలస్యమవుతుంది. సమయం ఇస్తే చాలా సమస్యల్లో అది దారికి వస్తుంది. 120వ సమస్యలో సమయం ఒక్కటే చాలలేదు.

ఎందుకంటే అక్కడ మూల చిక్కు ‘హనెజెకి’ అనే అరుదైన ప్రతిష్టంభన. పెద్ద గుంపులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టును ఎప్పుడు విడిపించుకుంటే ఎవరికి ఎంత నష్టమన్నది పలక మీది మిగతా పోరాటాలన్నింటితో ముడిపడి ఉంటుంది. యంత్రం తనతో తాను ఆడుకున్న ఆటల్లో అలాంటి ఆకారం తగలడం అసాధారణం. చూడని దాన్ని అది అంచనా వేయలేదు. మనిషిని మించి ఆడే ప్రోగ్రాములు కూడా ఆ స్థితి విలువను పూర్తిగా తప్పుగా చెప్పాయి.

అప్పుడు డేవిడ్ వూ యంత్రాన్ని తిరిగి బడికి పంపాడు. ఖాళీ పలకకు బదులు దోసెత్సు సమస్య నుంచీ, దాన్ని ఛేదించే ప్రయత్నాల్లో మనుషులు రాసుకున్న మధ్య స్థితుల నుంచీ ఆటలు మొదలయ్యేలా ప్రత్యేక శిక్షణ ఇచ్చాడు. కొద్ది కాలంలోనే యంత్రానికి హనెజెకి అర్థమైంది. మనుషులు కనిపెట్టిన ముఖ్య మార్గాల్లో చాలావాటిని అది కూడా ఎంచుకుంది. కొన్ని చోట్ల ఎవరూ చూడని కొత్త ఎత్తులు ప్రతిపాదించింది. ఏళ్ల తరబడి దీపం ముందు కూర్చున్నవాళ్ల శ్రమ వృథా కాలేదని కొంతవరకూ, సరిదిద్దాల్సింది ఇంకా ఉందని కొంతవరకూ ఆ ఫలితం చెప్పింది. 2019 డిసెంబరులో వూ దీన్ని వివరంగా ప్రకటించాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కాటాగో చెప్పేది అంచనా మాత్రమే. ఎంత నమ్మదగ్గదైనా అది గణిత నిరూపణ కాదు. నిరూపణకు వేరే రకం ప్రోగ్రాములున్నాయి. 1990ల్లో థామస్ వోల్ఫ్ తయారుచేసిన ‘గోటూల్స్’ నాలుగు వైపులా మూసుకున్న చిన్న గుంపుల విషయంలో ప్రతి ఎత్తుకూ ప్రతి జవాబునూ పరిశీలించి తీర్పు చెప్పేది. తైవాన్‌లో, కెనడాలో పరిశోధకులు ఇప్పుడు నాడీ జాలపు పసిగట్టే శక్తినీ, పాత నిరూపణ పద్ధతినీ కలిపి ఇంకా పెద్ద సమస్యలకు పూర్తి జవాబులు కడుతున్నారు.

అంచనాకూ నిరూపణకూ ఉన్న తేడా ఎంత పెద్దదో 2023లో బయటపడింది. కొందరు పరిశోధకులు కాటాగోను ఓడించడానికే ప్రత్యేకంగా ఒక ప్రోగ్రామును తయారుచేశారు. మంచి ఆటగాళ్ల ముందు నిలవలేని ఆ ప్రోగ్రాము, కాటాగో రాళ్లు చక్రంలా ఒక గుంపును చుట్టుముట్టేలా చేసి, ఆ చక్రాన్నే బయటి నుంచి ఊపిరాడకుండా మూసేసింది. ప్రమాదాన్ని కాటాగో చివరిదాకా గుర్తించలేదు. ఆ కిటుకు చూసి కెలిన్ పెల్రిన్ అనే అమెరికన్ ఔత్సాహికుడు పదిహేను ఆటల్లో పద్నాలుగు గెలిచాడు. దానికి మందు కూడా 120వ సమస్యకు వేసినదే. అలాంటి స్థితులను శిక్షణలో చేర్చారు.

రెండు ఉదంతాల్లోనూ కనిపించే సత్యం ఒక్కటే. తనతో తాను ఎన్ని లక్షల ఆటలు ఆడుకున్నా, యంత్రం తాను నడిచే దారుల పరిసరాలనే బాగా తెలుసుకుంటుంది. ఆ దారుల్లో దాదాపు ఎక్కడా తగలని ఒక స్థితిని దోసెత్సు 1713లో ఏ యంత్రం సాయమూ లేకుండా తన పుస్తకంలో పెట్టాడు. జవాబులో యంత్రం కొత్త ఎత్తులు చూపి ఉండొచ్చు. ఆ ప్రశ్నను మాత్రం అది వేయలేదు, ఎదురుపడినా మొదట గుర్తుపట్టలేదు. యంత్రం పాత సమస్యల మీద వెలుగు ప్రసరించింది నిజమే. పాత సమస్యలు యంత్రం మీద ప్రసరించిన వెలుగు నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది.

గో నేర్చుకునేవాళ్లు దీన్నుంచి తీసుకోవలసింది స్పష్టం. పాత పుస్తకంలోని సమస్య మీద ముందు సొంతంగా ఆలోచించాలి. ఎదుటివాడి గట్టి జవాబును సొంతంగా వెతకాలి. ఆ తర్వాత యంత్రాన్ని అడగాలి, అది చూపిన ఎత్తుకు కారణం దొరికేదాకా వదలకూడదు. కృత్రిమ మేధను తయారుచేసే వృత్తిలో ఉన్న మనవాళ్లకైతే ఇది ఇంకా నేరుగా తగిలే విషయం. యంత్రం ఏ స్థితుల్లో సాధన చేయాలో నిర్ణయించేది మనుషులే. కాబట్టి మన వైద్యంలో, మన వ్యవసాయంలో, మన భాషలో యంత్రానికి తగలని చిక్కు ప్రశ్నలు ఏవో గుర్తించి, ఓపికగా కూర్చి దాని ముందు పెట్టేవాళ్లు కావాలి. తన శిష్యుల కోసం దోసెత్సు చేసిన పని అదే. దాన్ని కొనసాగించేవాళ్లు ఉన్నంతకాలం యంత్రాలు మనకు పనికొచ్చేలా ఎదుగుతాయి.