బెరడు మీది పుండు

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు గాజు సౌధములతో నిండిపోయినను, పూర్వపు పల్లెల గురుతులుగా కొన్ని వేపచెట్లు రహదారుల ప్రక్కను, ప్రహరీల మూలలను నేటికిని నిలిచియున్నవి. 2021వ సంవత్సరమున తెలంగాణములోని వేపలకు పెద్ద ఎత్తున తెగులు సోకినప్పుడు, చిగురుల కొనలు నిప్పు తగిలినట్లు మాడి, ఆ ఎండు క్రమముగా రెమ్మల మీదుగా కొమ్మలలోనికి దిగివచ్చుట చూచి, ప్రతి ఉగాదికిని వేపపూవు కోరి తెచ్చుకొను జనులు కలవరపడిరి. రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీనిని ఫోమాప్సిస్ అజాడిరాక్టే అను శిలీంధ్రము వలన కలుగు ఎండు తెగులుగా గుర్తించిరి. మైసూరు పరిశోధకులు ఈ శిలీంధ్రమునకు 1997లోనే నామకరణము చేసియుండిరి.

ఇటువంటి శిలీంధ్రములలో పెక్కు బెరడును ఆశ్రయించి, దాని క్రింది సజీవకణజాలమును చంపును. అచ్చట బెరడు లోనికి క్రుంగి, పగిలి, కొన్ని చెట్లలో బంక స్రవించును. ఆ పుండునే క్యాంకర్ అందురు. ఆకులలో తయారైన ఆహారము వేళ్లకు దిగునది ఆ లోపలి బెరడు గుండనే. పుండు కొమ్మను చుట్టివచ్చినచో దానికి పైభాగము బ్రదుకుట దుర్లభము.

మన రాష్ట్రములలో ఈ వ్యాధుల బాధ నెక్కువగా ఎరిగినవారు జీడిమామిడి రైతులు. వానకాలపు తేమలో కొమ్మల మీద మొదట తెల్లని పట్టుదారముల వంటి బూజు పాకి, పిదప గులాబీ వర్ణమునకు తిరిగి, బెరడు చీలి, కొమ్మ ఎండిపోవు తెగులు వారికి చిరపరిచితము. లేత చిగురులను, పూగుత్తులను టీ దోమ కుట్టుటయు వారికి తెలిసినదే. పేరునకు దోమయే గాని అది నల్లిజాతి కీటకము. రసము పీల్చుచు తన లాలాజలములోని విషమును చిగురులోనికి వదలును, ఆ గాయముల గుండ శిలీంధ్రములు ప్రవేశించును. ఈ కీటకమే వేపను కూడ పీడించునని తెలిసినప్పుడు, పలాస తోటలోని జీడికొమ్మకును హైదరాబాదు వీధిలోని వేపరెమ్మకును గల సంబంధము విశదమగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దరిని తీరము దాటి ఆ ప్రాంతమగు ఉద్దానపు తోటలను చీల్చివేసినప్పుడు, కూలిన చెట్ల నష్టము అందరికిని కనబడినది. విరిగిన కొమ్మ మొదళ్లలో తెరచుకొన్న గాయములను గూర్చి చింతించినవారు మాత్రము తక్కువ.

గాయము నుపేక్షించిన చోట ఈ జాతి శిలీంధ్రములు ఎంతకు తెగించునో అమెరికా చరిత్ర చెప్పును. 1904లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలోని చెస్ట్‌నట్ చెట్ల బెరడు మీద నారింజరంగు పొక్కులతో కనబడిన తెగులు, ఆసియా నుండి తెచ్చిన మొక్కల వెంట వచ్చినది, అర్ధశతాబ్దము లోపల మూడు నాలుగు వందల కోట్ల వృక్షములను హరించెను. బీజాణువులు బెరడు చీలికలలో నాటుకొనును. మట్టిలోని వేళ్లు మాత్రము చావవు గనుక మొదళ్ల నుండి పిలకలు వచ్చును, కొంత ఎదిగిన పిదప మరల పుండు పడి చచ్చును. మన వేప అంత దురదృష్టవంతురాలు కాదు. ఎండిన చెట్లు పెక్కు మరల చిగిర్చినవి.

అయినను నిశ్చింతగా నుండరాదనియే నా అభిప్రాయము. తీగలకు అడ్డమని కొమ్మలను చీల్చి నరకుటయు, మానును ఊపిరాడనీయక కాంక్రీటు పోయుటయు మాదాపూరు మొదలగు సైబరాబాదు వీధులలో నిత్యము జరుగుచున్నవి. నీరును గాలియు అందని చెట్టు తన గాయమును తాను మాన్పుకొను శక్తిని కోల్పోవును.

ఎండు కనబడిన కొమ్మను, పచ్చిభాగము కొంత కలియునట్లు, పదునైన రంపముతో పొడివాతావరణమున కోసి, కోసిన ముక్కలను తోటలో వదలక తగులబెట్టవలెను. రంపమును ప్రతి చెట్టునకును శుభ్రము చేయవలెను. కోతల మీద బోర్డో పేస్టు పూయుట వానలకు ముందే జరుగవలసినది. కిలో మైలుతుత్తమును ఐదు లీటర్ల నీటిలోను, కిలో సున్నమును మరి ఐదు లీటర్లలోను వేరువేరుగా కరగించి, లోహపాత్ర కాక మట్టి లేక ప్లాస్టిక్ పాత్రలో రెంటిని కలుపుదురు. పూయుటకు ముందు ఇనుపకత్తిని అందులో కొంతసేపు ముంచి చూడవలెను. మొన మీద రాగిపూత అంటినచో సున్నము చాలలేదన్నమాట, ఇంకను కలుపవలెను.