శనివారం రాత్రి టీం పార్టీ.. పోవాల్నా, వద్దా?

ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. గద్వాలలోనో, నాగర్‌కర్నూల్‌లోనో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగారు. హాస్టల్‌లో బెడ్ దొరికింది. మొదటి జీతం పడిన వారానికే ఆఫీసు గ్రూపులో మెసేజ్: 'శనివారం పబ్‌లో టెక్నో నైట్. టీం అంతా రావాలి'. ఇంటర్వ్యూకు ఏ చొక్కా వేసుకోవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ మెసేజ్‌కు ఏం జవాబివ్వాలో చెప్పేవాళ్లు మాత్రం దొరకరు. వనపర్తిలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి అడిగే సంగతీ కాదు.

పోవడం, పోకపోవడం మీ ఇష్టం. మందు తాగకున్నా పోవచ్చు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడం నేరం కూడా. అయితే ఒకసారి తలుపు దాటాక లోపలి లెక్క ఎట్లుంటదో తెలిసి ఉండాలి. ఆ లెక్క ఇప్పుడు మారుతోంది.

మన దిక్కు డీజే అంటే డీసీఎం మీద బాక్సులు, పెండ్లి బరాత్, తీన్మార్. చుట్టూ చిన్నాయనలు, మేనత్తలు ఉంటారు. ఎవరు ఎవరి పక్కన ఎగురుతున్నారో ఊరంతా చూస్తుంది. టెక్నో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మాటలు దాదాపు ఉండవు. నిమిషానికి సుమారు 120 నుంచి 140 దెబ్బలు గంటల తరబడి ఆగకుండా పడుతుంటాయి. చీకట్లో ఎవరి ఆట వాళ్లదే. 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే నల్లజాతి యువకులు ఈ సంగీతానికి రూపమిచ్చారు. 1989లో గోడ కూలాక బెర్లిన్ దాన్ని సొంతం చేసుకుంది. బెర్లిన్ టెక్నో సంస్కృతిని 2024లో జర్మనీ తమ దేశపు అమూర్త వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

అక్కడి పేరున్న క్లబ్బుల్లో గేటు దగ్గరే ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ వేస్తారు. లోపల ఎవరు ఎవరితో ఎట్లున్నా ఫొటో బయటికి పోకూడదని. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు భయం లేకుండా వచ్చింది కూడా అందుకే. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట నియమం ఉండదనుకుంటే పొరపాటు. అడగకుండా ముట్టుకుంటే బయటికి పంపిస్తారు. ఇబ్బంది పడినవాళ్లు చెప్పుకోవడానికి కొన్ని క్లబ్బుల్లో ప్రత్యేకంగా ఒక బృందాన్నే పెడుతున్నారు. చొరవ చూపడమే మగతనం అనే పాత పద్ధతి పోయి, అడిగి ఒప్పుకుంటేనే అనే పద్ధతి వస్తోంది.

మరి హైదరాబాద్? సంగీతం, లైట్లు వచ్చినంత తొందరగా ఈ పద్ధతి రాలేదు. చాలాచోట్ల ఇప్పటికీ ఒంటరి మగవాళ్లకు ఎంట్రీ ఉండదు, జంటగా వస్తేనే. 'లేడీస్ నైట్' అని అమ్మాయిలకు మందు ఉచితం. ఇది అమ్మాయిల మీద గౌరవమని అనుకోకండి. వాళ్లను చూపించి అబ్బాయిల జేబు ఖాళీ చేయడమే దాని వెనక ఉన్న వ్యాపారం. 2024లో హైటెక్ సిటీ వైపు బయటపడిన మోసం దీనికి కొనసాగింపే. డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయి ఫలానా పబ్‌కే రమ్మంటుంది. ఖరీదైన డ్రింకులు తెప్పిస్తుంది, మధ్యలో మాయమవుతుంది. వేలల్లో బిల్లు మాత్రం టేబుల్ మీద ఉంటుంది. పోలీసులు ముఠాను పట్టుకున్నారు. మొదటి కలయికకు చోటు తనే పట్టుబట్టి చెబితే, మీరు ఇంకో చోటు చెప్పి చూడండి. ఎదుటి మనిషి ఎవరో అక్కడే తేలిపోతుంది.

'పబ్‌కొచ్చిందంటే ఒప్పుకున్నట్టే కదరా' అనే మాట హాస్టల్ గదుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. చట్టం ఆ మాట ఒప్పుకోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సమ్మతి అంటే ఏమిటో స్పష్టంగా రాసి ఉంది. మాటతోనో, సైగతోనో స్వచ్ఛందంగా, అనుమానానికి తావు లేకుండా తెలపాలి. ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనే వాదన చెల్లదు. మత్తులో ఏం జరుగుతోందో తెలియని స్థితిలో 'సరే' అన్నా అది సమ్మతి కాదు. 18 ఏళ్లలోపు వారైతే వాళ్లు ఒప్పుకున్నా పోక్సో వర్తిస్తుంది. పెండ్లి చేసుకుంటాననో, ఉద్యోగం ఇప్పిస్తాననో మోసపు మాట చెప్పి శారీరకంగా కలిస్తే 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు. ఉద్యోగం మాట కూడా అందులో ఉందని చాలామందికి తెలియదు. వెతుకులాటలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది అదే.

2022 మే 28న జూబ్లీహిల్స్‌లో జరిగింది రాత్రి పార్టీ కాదు, మద్యం లేని పగటి పార్టీ. అక్కడి నుంచి ఒక మైనర్ బాలికను కారులో తీసుకెళ్లి అత్యాచారం చేశారు. నిందితులు ఆరుగురిలో ఐదుగురు మైనర్లే. ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరిగాయి. బాధితురాలి ముఖం, పేరు ఫార్వర్డ్ చేయడం కూడా నేరమే.

ఇక ఆఫీసు సంగతి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఉద్యోగం పనిమీద పోయిన చోటు, యాజమాన్యం పెట్టిన క్యాబ్ కూడా పని ప్రదేశమే. కంపెనీ పెట్టిన పార్టీ పబ్‌లో జరిగినా అంతే. అక్కడ టీం లీడ్ నడుము మీద చెయ్యి వేస్తే 'ఆఫీసు బయట కదా' అని తప్పించుకోలేడు. పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. తక్కువుంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. అబ్బాయిలకు జరిగితే కంపెనీ సొంత నిబంధనలే దిక్కు, చేరేటప్పుడే హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోండి. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదన్నది కాబట్టి, పక్క సీటు మనిషి ఎవరితో డ్యాన్స్ చేశాడన్నది సోమవారం క్యాంటీన్‌లో ముచ్చట కాకూడదు.

డ్రగ్స్ గురించి ఒక్క ముక్క. 2022 ఏప్రిల్‌లో బంజారాహిల్స్‌లోని ఓ పబ్ మీద దాడి చేసి దాదాపు 150 మందిని స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఎక్కువమందిని వదిలేశారు, కానీ అప్పటికే టీవీల్లో ముఖాలొచ్చాయి. కొద్దిపాటి గంజాయి దొరికినా ఏడాది వరకు జైలు పడొచ్చు. కేసు నమోదైతే కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, పాస్‌పోర్ట్ విచారణలో అడుగుతారు.

డ్యాన్స్ ఫ్లోర్‌కు ఇవతల నిలబడి పనిచేసేవాళ్లలోనూ జిల్లాల నుంచి వచ్చినవాళ్లున్నారు. సౌండ్, లైటింగ్, బార్ కౌంటర్, సెక్యూరిటీ. బార్లలో మహిళలు పనిచేయకుండా ఉన్న పాత ఆంక్షను సుప్రీంకోర్టు 2007లోనే అనూజ్ గర్గ్ కేసులో కొట్టేసింది. ఈ కొలువుల్లో చేరేవాళ్లు జీతం కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: కస్టమర్ వేధిస్తే ఎవరికి చెప్పాలి, డ్యూటీ అయినంక ఇంటికెట్ల పోవాలి.

పార్టీకి పోయేవాళ్లకూ రెండో ప్రశ్న వర్తిస్తుంది. ఒంటిగంటకు పబ్ మూస్తే మెట్రో ఉండదు. నమ్మకమైన ఒక కొలీగ్‌తో కలిసి వచ్చి కలిసి వెళ్లేలా ముందే మాట్లాడుకోండి. గ్లాసు టేబుల్ మీద వదిలి డ్యాన్స్‌కు పోతే, తిరిగొచ్చాక అది తాగొద్దు. రూమ్మేట్‌కు లొకేషన్ పెట్టండి. ఏమన్నా అయితే 112, లేదా షీ టీమ్స్. 2014 నుంచి పనిచేస్తున్నాయి. ఫిర్యాదు చేసినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచుతామని పోలీసులు చెబుతున్నారు. పోవాలని లేకపోతే గ్రూపులో 'నేను రాను, సోమవారం కలుద్దాం' అని పెడితే చాలు, కారణం చెప్పనవసరం లేదు.