మారిషస్ అంటే బీచ్ ఒక్కటేనా? పోర్ట్ లూయీ పాత వీధుల్లో మన కోరంగి జాడ.. ఆ 16 మెట్ల వెనుక కథ ఇదీ!

తిరువూరు: పెళ్లయిన జంట విజయవాడ వెళ్లి ఏ ట్రావెల్స్ ఆఫీసులో మారిషస్ ప్యాకేజీ అడిగినా చూపించే ఫొటోలు ఒక్కలాగే ఉంటాయి. నీలి సముద్రం, స్పీడ్ బోటు, షమారెల్‌లో ఏడు రంగుల మట్టి. ఆరు రాత్రులు, ఏడు పగళ్లు. రాజధాని పోర్ట్ లూయీకి మాత్రం సాయంత్రం షాపింగ్ పేరుతో రెండు గంటలు ఇస్తారు. నిజానికి తెలుగువాళ్లు ఆ దీవిలో ముందుగా నడవాల్సింది ఆ ఊరి వీధుల్లోనే. ఉగాదికి దేశమంతా ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం అది. ఎందుకిచ్చారో బీచ్‌లో కూర్చుంటే అర్థం కాదు.

ముందు ఊరి సంగతి. పోర్ట్ లూయీని ఓడరేవు పట్టణంగా కట్టించింది ఫ్రెంచ్ గవర్నర్ మహే ద లా బుర్దొనే. 1735లో ఆ దీవికి వచ్చాడు. పేరు కొత్తగా ఉందా? 1746లో ఇంగ్లీషువాళ్ల నుంచి మద్రాసును పట్టుకున్న ఫ్రెంచ్ నౌకా సేనాని ఈయనే. రేవు ఎదురుగా తాటిచెట్ల వరుస మధ్య ఉన్న ప్లాస్ దార్మ్ అనే కూడలిలో ఇప్పటికీ ఆయన విగ్రహం ఉంది. ఊరు కట్టడానికి ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చారు. పుదుచ్చేరి వైపు నుంచి తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, ఓడ పనివాళ్లు వెళ్లారు. అంటే కూలీల ఓడలకు వందేళ్ల ముందే దక్షిణాది చేతులు ఆ గోడల మీద పడ్డాయన్నమాట. వాళ్లున్న తూర్పు పేటకు 'మలబార్ల క్యాంపు' అని పేరు. తమిళులైనా తెలుగువాళ్లైనా ఫ్రెంచివాళ్లకు అందరూ మలబార్లే!

క్రియోల్ భాష పుట్టింది ఈ వీధుల్లోనే. యజమాని మాట్లాడే ఫ్రెంచ్, బానిసల సొంత భాషలు కలిసి ఇంకో భాష అయింది. 1810 డిసెంబరులో బ్రిటిష్‌వాళ్లు దీవిని గెలుచుకున్నా ఫ్రెంచ్ చట్టం, మతం, ఆచారాల జోలికి పోలేదు. అందుకే ఇవాళ ఆఫీసు కాగితం ఇంగ్లీషులో, పేపరు ఫ్రెంచ్‌లో, బజారులో బేరం క్రియోల్‌లో నడుస్తాయి. తెలుగు మూలాలున్న కుటుంబాల్లోనూ ఇంట్లో మాట ఎక్కువగా క్రియోలే. మనవాళ్లు కదా అని తెలుగులో పలకరించి, జవాబు రాకపోతే నొచ్చుకోకండి. ఐదారు తరాలు గడిచాయి మరి.

ఆసుపత్రి గోడ.. పక్కనే ఘాట్

నడక మొదలుపెట్టాల్సిన చోటు రేవు ఒడ్డున ట్రూ ఫాన్ఫరాన్ ప్రాంతం. అక్కడ లా బుర్దొనే కాలంనాటి రాతి మిలిటరీ హాస్పిటల్ ఉంది. ఇప్పుడు దాన్ని బానిసత్వ చరిత్ర మ్యూజియంగా మార్చారు. దానికి కూతవేటు దూరంలోనే ఆప్రవాసి ఘాట్. చాలామంది ఘాట్ ఒక్కటే చూసి వెళ్లిపోతారు. రెండూ చూడకపోతే కథ సగమే. ఎందుకంటే మొదటిది మూతపడితేనే రెండోది తెరుచుకుంది.

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు మనుషులు కావాలి. బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని 'గొప్ప ప్రయోగం' అంది. బానిసల బదులు ఐదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసిన కూలీలన్నమాట. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. 1920 నాటికి దాదాపు ఐదు లక్షల మంది ఈ రేవు మీదుగా వెళ్లారు. ఆ రెండు తేదీలూ ఇప్పుడు అక్కడ జాతీయ సెలవులు.

ఇక ఆ 16 మెట్లు. 1849లో కట్టిన కూలీ డిపోలో మిగిలిన రాతి మెట్లవి. ఓడ దిగి పడవలో ఒడ్డుకు చేరిన మనిషి ఈ మెట్లెక్కి డిపోలోకి వెళ్లేవాడు. రెండు రోజులు అక్కడే. డాక్టరు చూస్తాడు, గుమాస్తా పేరు రాస్తాడు, నంబరు ఇస్తారు. ఆ తర్వాత ఏ తోటకు పంపితే ఆ తోటకు. మెట్లు పెద్దగా ఏమీ ఉండవు. ఫొటో తీస్తే మన ఊరి చెరువు రేవులా కనిపిస్తాయి. తల మీద మూటతో, వెనక్కి వెళ్లే దారి తెలియక ఎక్కిన మనుషులను తలుచుకుంటే మాత్రం కాళ్లు కాసేపు ఆగుతాయి.

జీతం మగవాళ్లకు నెలకు ఐదు రూపాయలు, ఆడవాళ్లకు నాలుగు. బియ్యం, పప్పు, ఉప్పు విడిగా ఇస్తారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. 'డబుల్ కట్' అని దాని పేరు. జ్వరం వచ్చినా అంతే. 1867 చట్టం వచ్చాక ఒప్పందం ముగిసినవాళ్లు కూడా ఫొటో అంటించిన పాసు లేకుండా రోడ్డు మీద కనిపిస్తే పట్టుకునేవాళ్లు. బానిసత్వం పోయిందనే అన్నారు కానీ, సొంత కాళ్ల మీద వీధిలో నడవడానికీ కాగితం అడిగారు.

ఈ స్థలాన్ని ఒకప్పుడు 'కూలీ ఘాట్' అనేవారు. 1987లో జాతీయ కట్టడంగా ప్రకటించాక ఆప్రవాసి ఘాట్ అయింది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇంకో నిజం.. పాత డిపోలో ఇప్పుడు మిగిలింది సుమారు 15 శాతమే. రోడ్డు కింద, బస్టాండు కింద మిగతాది పోయింది. ఆ మెట్లు, ఆసుపత్రి గది, వంటశాల, మరుగుదొడ్ల గోడలు మిగిలాయి. లోపలికి టికెట్ లేదు.

కోరంగి నుంచి వెళ్లిన ఓడ

మనవాళ్లు ఎలా వెళ్లారు? కూలీల మీద జరుగుతున్న అన్యాయాలు బయటికి రావడంతో 1839లో వలస ఆపేశారు. తోటల యజమానులు ఊరుకోలేదు. 1842లో మళ్లీ అనుమతి వచ్చింది. 1843లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. తర్వాత గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మద్రాసు రేవు మీదుగానూ జనం వెళ్లారు. రేవు పేరే జాతి పేరైపోయింది. తెలుగువాళ్లను 'కోరంగి' అనేవారు. బర్మాలోనూ ఇదే పిలుపు.. అక్కడ అది తిట్టుగా కూడా మారింది.

అప్పటి పరిస్థితి గుర్తు చేసుకోండి. 1832-33లో కృష్ణా, గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు ఊడ్చేసింది. 1839 నవంబరులో తుఫాను కోరంగిని ముంచేసింది. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టలేదు, అది పూర్తయింది 1852లో. నెలకు ఐదు రూపాయలు, పైన తిండి అంటే ఓడ ఎక్కినవాడిని ఆశపోతు అనగలమా?

పేర్ల సంగతి ఇంకా చిత్రం. రిజిస్టరులో సన్యాసి అని చెబితే అది తరాలు గడిచేసరికి 'సునాసీ' అనే ఇంటిపేరైంది. అప్పడు 'అపాదూ' అయ్యాడు. మనకు ఇంటిపేరు ముందుంటుంది కదా.. గుమాస్తా అడిగింది మనిషి పేరు ఒక్కటే. అలా తాత పేరు మనవలకు ఇంటిపేరైంది, అసలు ఇంటిపేరు ఓడలోనే ఆగిపోయింది. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. నంబరు, ఓడ పేరు, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చల గుర్తులు కూడా రాశారు. 1860ల తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి ఫొటోలూ ఉన్నాయి. మారిషస్ కుటుంబాలు తమ పూర్వీకుల ఊరు వెతుక్కునేది అక్కడే. దొరికిన ఊరి పేరు తెల్ల గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఉంటుంది. అది శ్రీకాకుళం వైపు ఏ ఊరో పోల్చుకోవడం ఒక పరీక్ష!

భాష పోయినా దేవుడు పోలేదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజనం అక్కడ ఇప్పటికీ జరుగుతాయి. 'అమ్మోరు' అనే మాట మన ఉత్తరాంధ్ర పల్లె నోటి మాటే, పుస్తకం మాట కాదు. బడుల్లో తెలుగు ఒక పాఠంగా చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే.

చెక్క ఇళ్లు ఏమయ్యాయి?

ఘాట్ నుంచి లోపలికి నడిస్తే రాయల్ రోడ్డు. చైనాటౌన్ కమాను, ఆ వెంటనే జుమ్మా మసీదు తెల్లటి గోడ, ఇంకాస్త ముందుకెళ్తే సెంట్రల్ మార్కెట్. పది నిమిషాల నడకలో మూడు ఖండాలు. మార్కెట్లో కూరగాయల వరుస చూడండి. మునగాకును 'బ్రెడ్ మురుం' అంటారు, కరివేపాకును 'కరిపులే' అంటారు. పలికి చూస్తే మన దక్షిణాది మాటలే క్రియోల్ చొక్కా వేసుకున్నాయని తెలుస్తుంది. ఆకలేస్తే 'దాల్ పూరీ' తినండి. పప్పు పొడి కూరిన పల్చటి రొట్టె అది, జంటగానే అమ్ముతారు. 'గాతో పిమా' అంటే భయపడొద్దు, అది మన పప్పు వడకు చుట్టమే.

అయితే పాత క్రియోల్ చెక్క ఇళ్లు చూద్దామని వెళ్తే కాస్త నిరాశ తప్పదు. వాలు కప్పు, ముందు పొడవాటి వసారా, చూరుకు లేసు అల్లినట్టు చెక్కిన పలకలు.. అలాంటివి ఒకప్పుడు వీధి వీధికీ ఉండేవి. 1816 అగ్నిప్రమాదంలో సగం ఊరు కాలింది. 1866-68 మధ్య మలేరియా వేలమందిని బలి తీసుకుంటే, డబ్బున్నవాళ్లు ఎత్తయిన క్యూర్‌పీప్ వైపు ఇళ్లు మార్చేశారు. 1892 ఏప్రిల్ తుఫాను మిగతా పని చేసింది. ఆ తర్వాత కాంక్రీటు, కారు పార్కింగులు. మన పాత పెంకుటిళ్లకు ఏమైందో అక్కడా అదే. వారసులు పది మంది, రిపేరు ఖర్చు ఒక్కరిది.. ఎవరు పెడతారు? నిండైన క్రియోల్ ఇల్లు చూడాలంటే మోకాలోని యురేకా బంగ్లాకు వెళ్లాలి. 1830 నాటిది, మ్యూజియంగా ఉంచారు.

ఓపిక ఉంటే ఊరి వెనుక గుట్ట మీద ఉన్న అడిలైడ్ కోట ఎక్కండి. రేవు, వీధుల గడి, 1812 నుంచి నడుస్తున్న షాన్ ద మార్స్ గుర్రపు పందేల మైదానం ఒక్క చూపులో కనిపిస్తాయి. కౌదాన్ దగ్గరి బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి ప్రసిద్ధ స్టాంపులున్నాయి. రంగు పోతుందని అసలు వాటి మీద లైటు కాసేపే వేస్తారు, టైము అడిగి వెళ్లండి.

చివరగా పనికొచ్చే మాటలు. భారత పాస్‌పోర్టుకు ముందుగా వీసా అక్కర్లేదు. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ చూపించాలి, నిబంధనలు బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి. మన టైము కంటే అక్కడ గంటన్నర వెనుక. క్యూర్‌పీప్ నుంచి పోర్ట్ లూయీకి మెట్రో ఉంది, కట్టింది మన ఎల్ అండ్ టీ. సాయంత్రం ఐదు దాటితే రాజధాని ఖాళీ అవుతుంది, ఆదివారం చాలా షాపులు మూస్తారు. కాబట్టి పనిరోజు ఉదయమే వెళ్లండి, టోపీ, మంచినీళ్లు మరవొద్దు.

విమానం ఖర్చు ఎక్కువ అనుకుంటే ఈ కథ మొదలైన చోటు మన దగ్గరే ఉంది. తిరువూరు నుంచి విజయవాడ మీదుగా కాకినాడ వెళ్లి, అక్కడి నుంచి యానాం రోడ్డు పట్టుకుంటే కోరంగి. పాత రేవు ఇసుక మేటలతో పూడిపోయింది. ఇప్పుడు జనం వెళ్లేది మడ అడవి చూడటానికి, చెక్క వంతెన మీద సెల్ఫీకి. ఆ నీళ్లు చూస్తూ నిలబడినప్పుడు పక్కనున్న పిల్లలకు 'కోరింగా ప్యాకెట్' గురించి ఓ మాట చెప్పండి. మెట్లు అటు ఒడ్డునే ఉన్నాయి.